ట్రాక్షన్ కంట్రోల్ దీపం ఆరకపోతే: షెడ్డు, స్కానర్ గ్యారేజీ, షోరూం – ఎవరికి ఏది తగినది

జారుతున్న కారు బొమ్మ, దాని వెనుక రెండు వంకర గీతలు ఉన్న పసుపుపచ్చ దీపం డాష్‌బోర్డు మీద వెలిగి ఆరకుండా నిలిచిపోతే, శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల యజమానికి సాధారణంగా నాలుగు సలహాలు వినిపిస్తాయి. బ్యాటరీ తీగ ఒకసారి తీసి పెట్టమని ఒకరు, ఊళ్లో తెలిసిన షెడ్డుకు తీసుకెళ్లమని ఒకరు, కారు కంప్యూటర్‌ను చదివే స్కానర్ ఉన్న గ్యారేజీలో చూపించమని ఇంకొకరు, షోరూంకే అప్పగించమని మరొకరు చెబుతారు. వీటిలో మొదటిదాన్ని పక్కన పెడితే మిగిలిన మూడూ సందర్భాన్ని బట్టి సరైనవే. కారు వయసు ఎంత, వారంటీ మిగిలి ఉందా, దీపం ఒంటరిగా వెలిగిందా, మరో దీపంతో కలిసి వెలిగిందా, షోరూం ఎంత దూరంలో ఉంది అనే విషయాలను బట్టి నిర్ణయం మారుతుంది. అయితే ఎవరి దగ్గరికి వెళ్లినా ఒక్క నియమం మాత్రం మారకూడదని నేను గట్టిగా నమ్ముతాను: కారు కంప్యూటర్‌లో నమోదైన లోపం కోడ్‌నూ, నాలుగు చక్రాల వేగాన్నీ తెర మీద కళ్లారా చూడకముందు ఏ భాగానికీ డబ్బు చెల్లించకూడదు.

దీపం వెలిగే తీరు

నడుస్తుండగా దీపం కాసేపు మిణుకుమిణుకుమని ఆగిపోతే అది లోపం కాదు. వానకు తడిసిన రోడ్డు మీదా, ఊరి దారి అంచున ఉన్న బురదలోనూ, కోతల కాలంలో ఆరబెట్టడానికి రోడ్డు మీద పోసిన ధాన్యం మీదా, పరిచిన గడ్డి మీదా చక్రం పట్టు తప్పి ఒక్కసారిగా వేగంగా తిరుగుతుంది. అప్పుడు ట్రాక్షన్ కంట్రోల్ వ్యవస్థ ఇంజిన్ శక్తిని తగ్గించో, ఆ చక్రానికి మాత్రమే బ్రేకు వేసో పట్టును తిరిగి తెస్తుంది. ఆ పని జరుగుతున్నంతసేపూ దీపం మిణుకుమంటుంది. దీనికి మరమ్మతు అవసరం లేదు. బొమ్మ కింద ‘ఆఫ్’ అనే అక్షరాలు కనిపిస్తే చేయి తగిలి బటన్ నొక్కుకుపోయి ఉండవచ్చు. మళ్లీ నొక్కితే చాలు. చాలా కార్లలో ఇంజిన్ ఆపి తిరిగి స్టార్టు చేసినా వ్యవస్థ దానంతట అదే పనిలోకి వస్తుంది.

నిలకడగా వెలుగుతూ, పక్కన మరే దీపమూ లేకపోతే మామూలు బ్రేకులు ఎప్పటిలాగే పనిచేస్తాయి. తొందరపడకుండా, వేగం తగ్గించుకుని నడుపుతూ కొద్ది రోజుల్లో చూపించుకోవచ్చు. దానితో పాటు ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) దీపం కూడా వెలిగితే గట్టిగా బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోయి కారు జారే అవకాశం ఉంటుంది కాబట్టి, వానలోనూ రాత్రిపూటా పదహారో నంబరు జాతీయ రహదారి మీద దూర ప్రయాణం పెట్టుకోకూడదు. ఇంజిన్ దీపం కూడా కలిసి వెలిగితే ముందు ఇంజిన్ లోపాన్నే సరిచేయించాలి. ఇంజిన్ శక్తిని తగ్గించమని కోరడం ఈ వ్యవస్థ పనిలో సగం; ఇంజిన్ కంప్యూటరే ఇబ్బందిలో ఉన్నప్పుడు ట్రాక్షన్ కంట్రోల్ తప్పుకుంటుంది. ఇలాంటప్పుడు చక్రాల వేగాన్ని కొలిచే సెన్సర్లు మార్చడం వల్ల ఒరిగేదేమీ ఉండదు.

హ్యాండ్ బ్రేకు పూర్తిగా దించిన తర్వాత కూడా ఏబీఎస్ దీపంతో పాటు ఎర్రటి బ్రేకు దీపం వెలుగుతుంటే మాత్రం అది వేరే స్థాయి విషయం. బ్రేకు ఆయిల్ తగ్గి ఉండవచ్చు, లేదా ముందు వెనుక చక్రాలకు బ్రేకు బలాన్ని పంచే ఏర్పాటు పనిచేయకపోవచ్చు. రెండో స్థితిలో వెనుక చక్రాలు ముందుగా బిగుసుకుని కారు అడ్డం తిరిగే ప్రమాదం ఉంది. ఏ షెడ్డు దగ్గర, ఏ షోరూం మంచిది అన్న ఆలోచన అప్పుడు అనవసరం. కారును పక్కకు ఆపి, లాగే వాహనాన్ని పిలిపించుకోవాలి. చాలా బీమా పాలసీలలో అదనపు సదుపాయంగా దారి సహాయం ఉంటుంది. పాలసీ కాగితాన్ని ముందే ఒకసారి చదివి, ఆ ఫోన్ నంబరును కారులో ఉంచుకోవడం మంచిది.

లోపం ఎక్కువగా ఎక్కడ ఉంటుంది

ట్రాక్షన్ కంట్రోల్‌కు తనవంటూ వేరే కళ్లు లేవు. ఏబీఎస్ కోసం నాలుగు చక్రాల దగ్గర అమర్చిన వేగ సెన్సర్లనే ఇదీ వాడుకుంటుంది. మన దేశంలో 2019 నుంచి కొత్త కార్లలో ఏబీఎస్ తప్పనిసరి అయినందున ఈ సెన్సర్లు చిన్న కార్లలో కూడా ఉంటాయి. ఒక్క సెన్సర్ సమాచారం ఆగిపోయినా కంప్యూటర్ చక్రాల వేగాలను పోల్చలేదు. అందుకే ఈ దీపం వెలిగినప్పుడు మొదటి అనుమానం చక్రాల సెన్సర్లు, వాటి వైర్లు, చక్రంతో పాటు తిరుగుతూ అవి చదివే రింగుల మీదకే వెళ్లాలి.

మన ప్రాంతంలో ఈ అనుమానానికి బలమైన కారణాలు ఉన్నాయి. కళింగపట్నం, బారువ, భావనపాడు, భోగాపురం వంటి తీర గ్రామాల్లో ఉప్పుగాలికి చక్రం బిగించే హబ్ దగ్గరి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. సెన్సర్ కూర్చునే చోట తుప్పు పొరలు కట్టి సెన్సర్‌ను కొద్దిగా పైకి నెట్టినా, రింగుకూ దానికీ మధ్య ఉండవలసిన సన్నని ఖాళీ పెరిగిపోయి సిగ్నల్ బలహీనపడుతుంది. రోడ్డు మీద ఆరబెట్టిన గడ్డి మీదుగా వెళ్లినప్పుడు అది చక్రం వెనుక చుట్టుకుని సెన్సర్ వైరును లాగేస్తుంది. కళ్లాల పక్కన, ధాన్యం నిల్వ చేసిన ఇళ్ల దగ్గర నిలిపిన కార్లలో ఎలుకలు వైర్లు కొరకడం తెలిసిన సంగతే. వైర్లను కలిపే కప్లర్లలోకి నీరు చేరి పచ్చటి చిలుము పట్టడం వరద నీటిలో నిలిచిన కార్లలో తరచుగా కనిపిస్తుంది.

చక్రం బేరింగ్ మార్చిన వెంటనే దీపం వెలిగితే ఆ పనినే ముందుగా అనుమానించాలి. చాలా కొత్త కార్లలో సెన్సర్ చదివే అయస్కాంతపు రింగు విడిగా ఉండదు. బేరింగ్ సీలులోనే కలిసి ఉంటుంది. అటువంటి బేరింగ్‌ను తిరగేసి ప్రెస్ చేస్తే చక్రం హాయిగానే తిరుగుతుంది, శబ్దం కూడా రాదు, కానీ సెన్సర్‌కు చదవడానికి ఏమీ దొరకదు. కొట్టి కూర్చోబెట్టినా, ఇనుప రజను ఉన్న బల్ల మీద పెట్టినా ఆ రింగు దెబ్బతింటుంది. కొత్త సెన్సర్ వేసినా దీపం ఆరని కార్లలో ఈ కారణాన్ని తప్పక పరిశీలించాలి.

సెన్సర్‌తో సంబంధం లేని కారణాలు కూడా ఉన్నాయి. బ్యాటరీ బలహీనపడి స్టార్టు చేసేటప్పుడు వోల్టేజీ బాగా పడిపోతే ఏబీఎస్ కంప్యూటర్ కోడ్ నమోదు చేసుకుంటుంది. రాత్రంతా నిలిపిన కారు బ్యాటరీ దగ్గర సుమారు 12.6 వోల్టులు, ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.5 నుంచి 14.7 వోల్టుల మధ్య ఉండాలి. నాలుగు టైర్లలో ఒకటి వేరే సైజుదైనా, పంక్చరయ్యాక చిన్న సైజు స్టెప్నీ వేసినా చక్రాల వేగాలు కలవక దీపం వెలగవచ్చు. వీల్ అలైన్‌మెంట్ చేయించిన తర్వాత స్టీరింగ్ నిటారు స్థానం కంప్యూటర్‌కు తిరిగి నేర్పించకపోతే, కారు తిన్నగా పోతున్నా తిరుగుతోందని అది భావిస్తుంది. బ్రేకు పెడల్ దగ్గరి చిన్న స్విచ్ పాడైనా ఇదే దీపం వెలుగుతుంది. పెడల్ తొక్కినప్పుడు వెనుక దీపాలు సరిగా వెలుగుతున్నాయో లేదో ఇంట్లో ఒకరిని వెనుక నిలబెట్టి చూసుకోవచ్చు.

ఇంటి దగ్గర చేయగలిగినది, చేయకూడనిది

టైర్లలో గాలి డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ ప్రకారం ఉందో లేదో చూడడం, నాలుగు టైర్ల మీది సైజు అంకెలు పోల్చడం, బ్రేకు ఆయిల్ డబ్బాలో మట్టం రెండు గీతల మధ్య ఉందో లేదో గమనించడం, చక్రాల వెనుక వైర్లు తెగి వేలాడుతున్నాయేమో చూడడం వంటి పనులకు ఎవరి సహాయమూ అక్కర్లేదు. చదునైన చోట స్టీరింగ్‌ను రెండు వైపులా చివరికంటా తిప్పి, కొంత దూరం తిన్నగా నడిపితే, బ్యాటరీ మార్చిన తర్వాత వెలిగిన దీపం చాలా కార్లలో ఆరిపోతుంది. వీటికి ఒక ఉదయం కేటాయించడం సమంజసం.

బ్యాటరీ తీగ తీసి పెట్టమనే సలహాను మాత్రం నేను ఎవరికీ ఇవ్వను. ఏబీఎస్ కంప్యూటర్‌లోని కోడ్‌లు సాధారణంగా కరెంటు తీసేసినా చెరిగిపోవు. ఒకవేళ దీపం ఆరినా, లోపం ఉన్నంతకాలం చక్రాలు కదలగానే మళ్లీ వెలుగుతుంది. పైగా కొన్ని కార్లలో స్టీరింగ్ స్థానం, కిటికీ అద్దాల సర్దుబాటు వంటివి చెరిగిపోయి కొత్త పని తగులుకుంటుంది.

ఫోన్‌కు బ్లూటూత్‌తో కలిసే ఈఎల్‌ఎం 327 రకం చిన్న అడాప్టర్ కొనాలా అని చాలామంది అడుగుతారు. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌లో గుచ్చితే అది ఇంజిన్ కోడ్‌లను చక్కగా చదువుతుంది. ఏబీఎస్ కంప్యూటర్‌ను చదవాలంటే మాత్రం ఆ కారు తయారీదారు పద్ధతి తెలిసిన యాప్ కావాలి. మామూలు ఉచిత యాప్‌లకు అది ఉండదు. అందువల్ల ఆ అడాప్టర్ లోపం ఏదీ లేదని చూపించినంత మాత్రాన కారు బాగుందని అనుకోకూడదు. ఇంజిన్ విషయాల కోసం కొనేవారు కొనవచ్చు. ఈ ఒక్క దీపం కోసమే అయితే ఆ డబ్బును మంచి స్కానర్ ఉన్న గ్యారేజీలో ఒక్కసారి చూపించడానికి ఖర్చుపెట్టడం మేలు.

షెడ్డు, స్కానర్ గ్యారేజీ, షోరూం

పలాస, టెక్కలి, నరసన్నపేట, ఆమదాలవలస, చీపురుపల్లి, గజపతినగరం వంటి ఊళ్లలో ఏళ్ల తరబడి చేతితో నేర్చుకున్న మెకానిక్కులు ఉన్నారు. లోపం ఏ చక్రం దగ్గర ఉందో తెలిసిన తర్వాత చేయవలసిన పనిలో వారిని మించినవారు అరుదు. తుప్పుతో హబ్‌లో ఇరుక్కుపోయిన సెన్సర్‌ను విరగకుండా బయటికి తీయడం, బేరింగ్ మార్చడం, దెబ్బతిన్న వైరుకు సరైన దారి చూపించి క్లిప్పులు బిగించడం వంటివి అనుభవంతోనే వచ్చే నేర్పులు. కష్టం ఎక్కడంటే, స్కానర్ లేని షెడ్డులో లోపం ఉన్న చక్రాన్ని గుర్తించే మార్గం ఊహ ఒక్కటే. ఊహతో ఒక సెన్సర్ మార్చి, అది కాకపోతే మరొకటి మార్చే పద్ధతిలో ఖర్చు షోరూం బిల్లును మించిపోవడం పెద్ద విషయం కాదు.

వారంటీ అయిపోయిన కారుకు నా మొదటి ఎంపిక ఏబీఎస్‌ను చదవగల స్కానర్ ఉన్న గ్యారేజీ, లేదా అటువంటి పరికరం పెట్టుకున్న ఆటో ఎలక్ట్రీషియన్. శ్రీకాకుళం, విజయనగరం పట్టణాలకు వెళ్లగలిగినవారు బయలుదేరే ముందు ఫోన్‌లోనే కొన్ని విషయాలు అడగాలి. మీ కారు మోడల్ ఏబీఎస్‌ను ఆ స్కానర్ చదువుతుందా, కారు నడుస్తుండగా నాలుగు చక్రాల వేగాలను చూపుతుందా, స్టీరింగ్ స్థానాన్ని తిరిగి నేర్పించగలదా అన్నవి ముఖ్యం. ఇంజిన్‌ను మాత్రమే చదివే స్కానర్ అయితే ఆ ప్రయాణం వృథా.

అక్కడ జరగవలసిన పరీక్ష ఇలా ఉంటుంది. కోడ్‌లు చెరిపేయకముందే వాటిని కాగితం మీద రాసుకోవాలి, లేదా ఫొటో తీసుకోవాలి. సాధారణ వరుసలో సి0035 అంటే ముందు ఎడమ చక్రం, సి0040 ముందు కుడి, సి0045 వెనుక ఎడమ, సి0050 వెనుక కుడి చక్రం సెన్సర్ వలయాలు (సర్క్యూట్లు). కొన్ని కంపెనీలు తమ సొంత అంకెలు వాడతాయి. ఎడమ కుడి అనేది డ్రైవర్ సీటులో కూర్చుని ముందుకు చూసినప్పటి లెక్క. చాలా విదేశీ వీడియోలలో ‘డ్రైవర్ వైపు’ అని చెప్పేది వారి ఎడమ వైపు, మనకు అది పక్క సీటు వైపు అవుతుంది కాబట్టి, వాటిని చూసి పని చేసేవారు ఇక్కడ జాగ్రత్తపడాలి. కోడ్ పాడైన వస్తువు పేరు చెప్పదు, లోపం ఉన్న వలయాన్ని మాత్రమే చెబుతుంది. ఆ వలయంలో సెన్సర్, వైరు, కప్లర్, రింగు, బేరింగ్ అన్నీ ఉంటాయి. అందుకే కోడ్ చూడగానే సెన్సర్ తెప్పించేసే గ్యారేజీ స్కానర్ ఉన్నా లేనట్టే.

తర్వాత తిన్నని, ఖాళీ రోడ్డు మీద 20, 30 కిలోమీటర్ల వేగంతో ఒకరు నడుపుతుండగా మరొకరు తెర చూడాలి. నాలుగు అంకెలూ దాదాపు సమానంగా ఉండాలి. ఒకటి సున్నా దగ్గరే ఉండిపోతే సెన్సర్ గానీ వైరు గానీ పూర్తిగా పోయిందని అర్థం. వేగంలో బాగా ఉండి, నెమ్మదించినప్పుడు మాత్రం ముందే సున్నాకు పడిపోతుంటే రింగు తుప్పుపట్టిందో, పగిలిందో, ఖాళీ పెరిగిందో చూడాలి. నెమ్మదిగా ఆపే సమయంలో చివరి క్షణాన బ్రేకు పెడల్ కాలి కింద గరగరలాడుతున్నట్టు అనిపించడం కూడా దీనికే గుర్తు. కారు నిలిపి వైరును అటూ ఇటూ కదిపినప్పుడు కోడ్ తిరిగి వస్తే లోపం వైరులో ఉంది, సెన్సర్ నిర్దోషి.

మల్టీమీటర్‌తో సెన్సర్ నిరోధం చూస్తామని చెప్పేవారిని ఒక ప్రశ్న అడగాలి: ఇది పాత రకమా, కొత్త రకమా? తీగచుట్టతో చేసిన పాత రకం సెన్సర్‌లో సాధారణంగా వెయ్యి ఓమ్‌ల పైచిలుకు నిరోధం కనిపిస్తుంది, అదే కారు రెండో వైపు సెన్సర్‌తో పోల్చి చూసుకోవచ్చు. కరెంటు తీసుకుని పనిచేసే కొత్త రకం సెన్సర్లు మాత్రం 7, 14 మిల్లీ ఆంపియర్ల మధ్య మారే కరెంటు రూపంలో సిగ్నల్ పంపుతాయి. వాటి మీద ఓమ్‌ల పరీక్ష ఏమీ తేల్చదు, కొన్నిసార్లు సెన్సర్‌నే పాడుచేస్తుంది. ఈ తేడా చెప్పగలిగిన మనిషి చేతిలో కారు పెట్టవచ్చు.

షోరూం వారంటీ ఉన్న కారుకు తిరుగులేని ఎంపిక. వారంటీలో ఉండగా బయట వైరు కోయించినా, అతుకు వేయించినా ఆ తర్వాత వచ్చే లోపాలకు కంపెనీ బాధ్యత నిరాకరించవచ్చు. పొడిగించిన వారంటీ కొన్నవారు అది మిగిలి ఉందో లేదో కాగితాల్లో చూసుకోవాలి. ఏబీఎస్ కంప్యూటర్ మార్చవలసి వచ్చి, దాన్ని కారుకు తగినట్టు కోడింగ్ చేయాల్సిన సందర్భంలో కూడా షోరూమే నయం. ఇచ్ఛాపురం వంటి చోటు నుంచి శ్రీకాకుళం వందకు పైగా కిలోమీటర్ల దూరం కాబట్టి, అక్కడివారు ముందుగా ఫోన్‌లో సమయం తీసుకుని, భాగం సిద్ధంగా ఉందో లేదో కనుక్కుని బయలుదేరితే రెండు ప్రయాణాలు తప్పుతాయి. షోరూం బిల్లులో ‘సెన్సర్ మార్పు’ అని మాత్రమే రాసి ఉంటే, ఏ కోడ్ వచ్చింది, ఏ పరీక్షతో సెన్సర్ పాడైందని తేల్చారు అని అడిగే హక్కు మీకు ఉంది. పాత సెన్సర్‌ను చూపించమని కూడా అడగాలి.

శృంగవరపుకోట నుంచి అరకు ఘాట్ మీదుగా రోజూ ట్యాక్సీ నడిపేవారు ఈ ఎంపికలో ఖర్చు కంటే సమయానికి ఎక్కువ విలువ ఇవ్వాలని నా అభిప్రాయం. చాలా కార్లలో ఈ లోపం వచ్చినప్పుడు మలుపుల్లో కారు జారకుండా కాపాడే స్థిరత్వ నియంత్రణ, ఎత్తులో వెనక్కి దొర్లకుండా పట్టి ఉంచే సదుపాయం కూడా ఆగిపోతాయి. ఆ దారిలో వానాకాలంలో అవే ఎక్కువ అవసరం. అటువంటి కారును ఏది దగ్గరైతే అక్కడ వెంటనే చూపించాలి.

ఏ భాగం కొనాలి

సెన్సర్ మార్చాలని పరీక్షలో తేలితే మార్కెట్‌లో నాలుగు రకాలు కనిపిస్తాయి. కారు కంపెనీ పెట్టెలో వచ్చేది ఖరీదైనదే గానీ కప్లర్, వైరు పొడవు, బిగింపు అచ్చంగా సరిపోతాయి. కార్ల కంపెనీలకు సెన్సర్లు తయారుచేసి ఇచ్చే బాష్ వంటి సంస్థలు తమ పేరుతో అమ్మేది సాధారణంగా తక్కువ ధరకు దొరుకుతుంది. వారంటీ లేని కారుకు నేను దీన్నే సూచిస్తాను. పేరు లేని చవక సెన్సర్లను, ముఖ్యంగా కొత్త రకానికి, కొనకపోవడం మంచిది. మొదట బాగానే పనిచేసి, వేడికి సిగ్నల్ తెగిపోయే సెన్సర్ వల్ల మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవలసి వస్తుంది. పాత కార్ల నుంచి తీసిన సెన్సర్ కూడా అంతే. దాన్ని తీసేటప్పుడే చాలాసార్లు విరుగుతుంది. ఒక వైపు పాడైతే రెండో వైపుది కూడా మార్చనక్కర్లేదు.

వైరు తెగితే అతుకు వేయవచ్చా అన్నది తరచుగా వచ్చే ప్రశ్న. చక్రంతో పాటు కదిలే భాగంలో అతుకు నిలవదు. అక్కడ తెగితే సెన్సర్‌ను వైరుతో సహా మార్చాలి. బాడీ లోపల కదలకుండా ఉండే భాగంలో అయితే సోల్డరింగ్ చేసి, వేడికి ముడుచుకునే గొట్టం తొడిగి నీరు చేరకుండా చేస్తే చాలాకాలం ఉంటుంది. టేపు చుట్టి వదిలేసిన అతుకు మొదటి వానకే చిలుము పడుతుంది.

ఏబీఎస్ యూనిట్ (కంప్యూటర్, బ్రేకు ఒత్తిడిని మార్చే భాగం కలిసి ఉన్నది) పోయిందని ఎవరైనా చెబితే అంత పెద్ద ఖర్చుకు ఒప్పుకునే ముందు ఫ్యూజులు, ఎర్త్ తీగ, యూనిట్‌కు అందే వోల్టేజీ పరీక్షించారా అని తప్పక అడగాలి. యు0121 అనే కోడ్ ఆ యూనిట్‌తో మాటలు తెగిపోయాయని మాత్రమే చెబుతుంది. తెగడానికి కారణం ఒక తుప్పుపట్టిన ఎర్త్ బోల్టు కూడా కావచ్చు. నిజంగానే యూనిట్ పోతే కొత్తది, మరమ్మతు చేయించినది, పాత కారు నుంచి తీసినది అని మూడు దారులు ఉంటాయి. పాతది ఎంత చవకైనా కోడింగ్ కుదరకపోతే నిరుపయోగం కాబట్టి, అది మీ కారుకు కుదురుతుందని పని చేసేవారు రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే తీసుకోవాలి. బ్రేకు గొట్టాలు విప్పే పని కనుక, బిగించాక స్కానర్ సాయంతో గాలి పూర్తిగా తీయగలరో లేదో కూడా ముందే తెలుసుకోవాలి.

పని పూర్తయిన తర్వాత షెడ్డు ముందే దీపం ఆరలేదని కంగారుపడనక్కర్లేదు. చాలా కార్లలో నాలుగు చక్రాల సిగ్నళ్లు సరిగా ఉన్నాయని కంప్యూటర్ నిర్ధారించుకోవడానికి కొంత వేగంతో కాస్త దూరం నడపాలి. ఆ తర్వాత ఒకసారి స్కానర్ పెట్టించి కోడ్ తిరిగి రాలేదని చూసుకుని డబ్బు చెల్లించాలి.

సెకండ్ హ్యాండ్ కారు కొనేవారికి ఇదే దీపం మరో విధంగా ఉపయోగపడుతుంది. ఇంజిన్ స్టార్టు చేయకుండా తాళం తిప్పగానే, లేదా బటన్ కారులో బ్రేకు తొక్కకుండా స్టార్టు బటన్‌ను సాధారణంగా రెండుసార్లు నొక్కగానే, ట్రాక్షన్ కంట్రోల్, ఏబీఎస్ దీపాలు కొన్ని క్షణాలు వెలిగి ఆరిపోవాలి. వెలగనే వెలగకపోతే ఆ దీపాన్ని ఎవరో తీసేశారనో, మూసేశారనో అనుమానించి, బేరం మాట్లాడకముందే కారును స్కానర్ ఉన్న గ్యారేజీకి తీసుకురమ్మని అమ్మేవారిని అడగాలి.